వార్డెన్‌గారు కడిగిన బండి

పొద్దున్నే వార్డెన్‌గారు అల్లుడి పికప్ బండి కడుగుతున్నారు. ఉద్యోగమంతా హాస్టల్ పిల్లల మంచాల కింద దుమ్ము వెతికిన మనిషి. కూతురింటికి చేరినా ఆ చూపు మాత్రం రిటైర్ కాలేదు. ఈ ఇంట్లో శుభ్రం తెలిసిన ప్రాణి తానొక్కడేనని పూటకోసారి ప్రకటించందే ఆయనకు తిన్నది అరగదు.

ముందుగదిలో ఫ్యాన్ తిరుగుతున్నా కర్టెన్ రెపరెపలాడకుండా నిటారుగా వేలాడుతోంది. అదీ ఆయన ఘనకార్యమే. చెత్తలో పారేయబోయిన బూడిదరంగు బిళ్ళలేవో కింది అంచుకు అంటించారు. "ఇన్నాళ్ళూ ఆ గుడ్డ మొహాన కొట్టుకుంటుంటే ఒక్కరికైనా బుర్ర వెలిగిందా?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించారు.

అల్లుడు ఆ బండిలో కిటికీ అద్దాలు చేరవేస్తాడు. కొన్నాళ్ళుగా వేగం అందుకోగానే స్టీరింగ్ గడగడా వణుకుతోంది. పోయినవారం దారిలో అద్దాలు పగిలాయి కూడా. కొత్త టైర్లు వేయించినప్పుడే బ్యాలెన్సింగ్ చేయించాడు కాబట్టి తప్పు చక్రాల్లో ఉంటుందని అతనికి తోచలేదు. తోచనిచ్చినవాళ్ళెవరు?

"స్టీరింగ్ వణకడమేంటయ్యా, వణికేవి నీ చేతులు," అని మొదటిరోజే తేల్చేశారు వార్డెన్‌గారు. అక్కడితో ఆగలేదు. "మీ నాన్నకీ ఇలాగే మొదలైందటగా!" అని కూతురు వినేలా అన్నారు.

అల్లుడి తండ్రి చివరి రోజుల్లో చెంచా కూడా పట్టుకోలేకపోయాడు. ఆ మాట పడ్డప్పటినుంచీ కూతురి చూపంతా భర్త చేతుల మీదే. అతనూ ఎవరూ లేనప్పుడు చేతులు చాపి చూసుకుంటున్నాడు. అలా భయపడుతూ చూసుకుంటే ఎవరి చేతులైనా వణుకుతాయి. ఇంట్లో ఇంకెవరికీ డ్రైవింగ్ రాదు, తోలి చూసి చెప్పేవాళ్ళు లేరు. ఇవాళ బండి అమ్మేస్తున్నారు.

"ఆయనకి ఈ పనంటే ప్రాణం నాన్నా," అంది కూతురు, కాఫీ అందిస్తూ.

"మా హాస్టల్ పిల్లలకి స్నానం మానేయడమంటే ప్రాణం. మానెయ్యనిచ్చానా? ఏ దుకాణంలోనో కూర్చుని రసీదులు రాసుకోమను. దానికీ చేతులు సహకరించాలనుకో!"

అల్లుడు విననట్టే తాళాలు తీసుకున్నాడు. "కొనేవాళ్ళు టైర్ల షాపులో చక్రాలు చూపించి తెమ్మన్నారు మామయ్యా. అటునుంచటే ఇచ్చేసి వస్తాను."

"నేనూ వస్తా. నీలాంటివాణ్ణి ఒంటరిగా పంపితే బండి ఇచ్చేసి, ఎదురు దండం కూడా పెట్టొస్తావు."

పెద్ద రోడ్డెక్కగానే స్టీరింగ్ వణుకు మొదలైంది. "అదిగో! చూసుకో నీ చేతులు!" అన్నారు వార్డెన్‌గారు, దొంగను పట్టుకున్నంత సంబరంగా.

"నా చేతులే మామయ్యా. ఒప్పుకున్నాను, బండి అమ్మేస్తున్నాను. ఇంకెన్నిసార్లు ఒప్పుకోమంటారు?"

ఆ గొంతులో కోపం లేకపోవడం వార్డెన్‌గారికి నచ్చలేదు. తిరగబడనివాణ్ణి తిడితే ఏం రుచి?

షాపులో మెకానిక్ ముందు చక్రం విప్పి మెషీన్‌కి ఎక్కించి తిప్పాడు. తర్వాత రిమ్ము లోపల వేలుపెట్టి తడిమాడు. "బ్యాలెన్సింగ్ వెయిట్లేవన్నా? జిగురు మిగిలింది, బిళ్ళలు లేవు. చక్రం ఒకవైపు బరువైపోతే స్టీరింగ్ వణక్క ఏం చేస్తుంది? ఇవి రాలినవి కాదు, ఎవరో పనిగట్టుకుని గీకేశారు."

డబ్బాలోంచి కొత్త బిళ్ళలు తీసి రిమ్ముకు అంటించాడు. బూడిదరంగువి.

స్క్రూడ్రైవర్ పట్టుకుని చక్రం దగ్గర చతికిలబడి, "ఈ దరిద్రం వదిలించే దిక్కు కూడా లేదు ఈ కొంపలో" అని సణుక్కున్న పొద్దు వార్డెన్‌గారికి గుర్తొచ్చింది. ఆ పొద్దే రెండో చక్రానికీ అదే మర్యాద చేశారు.

అల్లుడు ఆ బిళ్ళల వైపు చాలాసేపు చూశాడు. ఇంట్లో రోజూ కనబడేవే. మామగారి వైపు ఒక్కసారి చూసి, మెకానిక్‌తో, "నేనే గీకి ఉంటాను. మురికి అనుకుని," అన్నాడు.

"మురికా! బుర్రున్నవాడెవడైనా చేసే పనేనా అన్నా ఇది?" మెకానిక్ పగలబడి నవ్వాడు.

తనకు రావలసిన నవ్వు అల్లుడి మీద పడుతుంటే వార్డెన్‌గారు తలదించుకుని నిలబడ్డారు. ఎంతమంది పిల్లల్ని అలా నిలబెట్టారో.

రెండు చక్రాలూ సరిచేయించాక, తిరుగుదారిలో బండి అదే వేగం అందుకుంది. స్టీరింగ్ కదల్లేదు. కాసేపటికి అల్లుడు బండి పక్కకి ఆపేశాడు. "నాన్నలా అయిపోతాననుకున్నాను మామయ్యా," అని చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. బిళ్ళల ఊసే ఎత్తలేదు.

గుమ్మంలో కూతురు ఎదురొచ్చింది. "బండి ఇచ్చెయ్యలేదా?"

వార్డెన్‌గారు తిన్నగా కర్టెన్ దగ్గరికెళ్ళి, అంచున ఉన్న బిళ్ళలన్నీ పీకి ఆమె అరచేతిలో పోశారు. "ఇదిగోనమ్మా, మీ ఆయన చేతుల వణుకు. చక్రాల్లోంచి గీకి తెచ్చి నేనే ఇక్కడ అంటించాను. నా అంత చవట ఈ ఇంట్లో ఇంకొకడు లేడు."

ఆమె బిళ్ళల్నీ, భర్త చేతుల్నీ మార్చి మార్చి చూసింది. "నిద్రలో ఎక్కడ వణుకుతాయోనని ఆయన చేతులు పట్టుకుని పడుకుంటున్నాను నాన్నా, తెలుసా నీకు?"

వార్డెన్‌గారికి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి.

"ఊరుకోవే," అన్నాడు అల్లుడు. "మామయ్యా, రేపు కూడా బండి మీరే కడగండి. రిమ్ముల లోపలి మురికి మాత్రం నాకొదిలెయ్యండి."

బరువు పోయిన కర్టెన్ ఫ్యాన్ గాలికి లేచి వార్డెన్‌గారి మొహాన కొట్టింది. ఆయన తప్పుకోలేదు. దాంతోనే కళ్ళు తుడుచుకున్నారు.