ఆరిన్ వెతికిన తోలు తొడుగు

1863 ఫిబ్రవరి. చలి ఇంకా విరగలేదు. అమెరికా అంతర్యుద్ధం రోజులు. టెన్నెసీలో మా శిబిరానికి మైలు దూరంలో, వాగు పక్కన, తోళ్ళు పదును చేసే పాత కొట్టం ఒకటి ఉండేది. చీకటి పడ్డాక అక్కడ కాపలా అంటే, శిక్ష వేసినా సరే పోము అనేవాళ్ళు మావాళ్ళు. రాత్రిపూట అక్కడ ఫిరంగి గొట్టం తుడుస్తున్న చప్పుడు వినిపిస్తుందని చెప్పుకునేవారు.

అక్కడ ఫిరంగి లేదు... వారం కిందట ఉండేది. మాదే.

మేం ఇండియానా నుంచి మా అంతట మేమే పేర్లిచ్చి వచ్చిన ఫిరంగి దళం. నేను మూడో ఫిరంగి గుర్రాలు తోలేవాణ్ణి. ఆ ఫిరంగి వెనక నిలబడేవాడు ఆరిన్ టాకెట్. వాడి పనంతా ఎడమ బొటనవేలితోనే.

ఫిరంగి పేలాక గొట్టంలో నిప్పురవ్వలు మిగులుతాయి. ముందున్నవాడు తడి కుంచెతో తుడిచి, కొత్త మందు సంచి దట్టిస్తాడు. అంతసేపూ వెనకవాడు వేలికి తోలు తొడుగు వేసుకుని, పైనున్న సన్నటి బెజ్జాన్ని మూసి ఉంచాలి. గాలి దూరిందంటే రవ్వ రాజుకుని మందు పేలుతుంది. దట్టించేవాడి చేతులు పోతాయి.

కొట్టం దగ్గర పోరులో, మా ఫిరంగి దట్టించే కాస్పర్ డీట్జ్ చేతులు అలాగే పోయాయి. సాయంత్రానికి ప్రాణమూ పోయింది.

"తొడుగు కాలి చిల్లు పడింది. ఓర్చుకోలేక వేలు తీశాను. తొడుగు అక్కడే పడిపోయింది" అన్నాడు ఆరిన్.

"మరి వేలి మీద బొబ్బేదిరా?" అన్నాడు ఫినియస్. కాస్పర్ చోటులో ఇప్పుడు దట్టించాల్సింది వాడే. "నీ ముందు నిలబడాలంటే, ఈ రెండు చేతులతో మా ఆవిడకి ముందే ఒక ఉత్తరం రాసుకోనీ."

అందరూ నవ్వారు. ఆరిన్ నవ్వలేదు.

ఆ సాయంత్రం సార్జెంటు వచ్చాడు. "కెప్టెన్ పొద్దున్నే కాస్పర్ వాళ్ళమ్మకి ఉత్తరం రాస్తాడు. కొడుకు ఎలా పోయాడో రాయాలి కదా. ఆ తొడుగు ఎక్కడుందో చూపించు ఆరిన్. లేదంటే నీ పేరే రాస్తాడు."

కాస్పర్ వాళ్ళమ్మది ఆరిన్ ఇంటి పక్క ఇల్లే. చిన్నప్పుడు వాడు ఆమె చేతి రొట్టె తినని రోజు లేదు.

పగలు అవతలి గట్టు మీంచి శత్రువులు కాలుస్తారు. అందుకని వాడు ఆ రాత్రే బయల్దేరాడు. జేబులో అగ్గిపెట్టె. ఎందుకో నాకు తర్వాత చెప్పాడు. ఇక్కడినుంచి వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, నమ్మకపోతే మానండి.

వెన్నెల ఉంది. చక్రాల గాడి ఇంకా చెరగలేదు. దాని పక్కన, ఎండుగడ్డిలో — తొడుగు. చిల్లు లేదు. ఉండదని వాడికి తెలుసు. ఆ రోజు పక్కన గుండు పడితే, భయంతో వేలు తీశాడు... అంతే.

పుల్ల గీశాడు. చిల్లు పెడదామని మంటని తోలుకి దగ్గరగా పెట్టాడు.

పుల్ల ఆరిపోయింది. గాలి లేదు.

అప్పుడు వినిపించింది. తడి కుంచె, ఇనప గొట్టంలో... లోపలికి... బయటికి...

"ఆరిన్..." గుసగుస. "బెజ్జం మూశావురా?"

వాడి నోరు దానంతటదే పలికింది. "మూశాను."

"తియ్యకు... ఇంకా తుడుస్తున్నా."

వేలి కింద ఏదో తగిలింది. ఇనుము. అంత చలిలో, పొయ్యి మీంచి దించినంత వేడిగా...

తెల్లవారుజామున సార్జెంటు, ఫినియస్, నేను వెతుక్కుంటూ వెళ్ళాం. ఆరిన్ ఒంగి నిలబడి ఉన్నాడు. ఎడమ చెయ్యి ముందుకి చాచి, బొటనవేలు కిందికి నొక్కి పట్టాడు. దాని కింద ఏమీ లేదు. ఉత్త గాలి.

"రారా, పోదాం" అన్నాడు ఫినియస్. ఈసారి వేళాకోళం లేదు.

"ష్... కదిలించకండి" అన్నాడు ఆరిన్. "వాడింకా దట్టిస్తున్నాడు."

ముగ్గురం పట్టి లాగితే గానీ ఆ చెయ్యి దిగలేదు. వేలు ఎముక దాకా కాలిపోయింది. కుడి గుప్పిట్లో తొడుగు ఉంది. దాని మీద కాలిన మచ్చ కూడా లేదు.

"అగ్గిపుల్లలతో తనే కాల్చుకున్నాడు" అన్నాడు డాక్టరు. పెట్టె విప్పి చూశాను. అది కొత్త పెట్టె. ఒక్క పుల్లే తగ్గింది.

ఆరిన్ తొడుగుని కెప్టెన్ బల్ల మీద పెట్టాడు. "చిల్లు లేదు సార్. భయపడి వేలు తీశాను. అలాగే రాయండి."

కెప్టెన్ అలాగే రాశాడు. మధ్యాహ్నం డాక్టరు ఆరిన్ ఎడమ బొటనవేలిని మొదలంటా కోసేశాడు.