నెట్ మీద ఆరేసిన గ్లోవ్స్

గోల్‌కీపర్ కనిపించడం లేదని ఉదయం తొమ్మిదిన్నరకి తెలిసింది. మ్యాచ్ మధ్యాహ్నం మూడున్నరకి.

అది ఆషామాషీ మ్యాచ్ కాదు. జాతీయ మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో ఆఖరిది. సీజన్ మొత్తం ఊరూరా తిరిగి, ఎండకి ఎండి, వానకి తడిసి, చివరికి ఈ ఒక్క ఆట దగ్గరికి చేరింది జట్టు. డ్రా చేసుకున్నా కప్పు వాళ్ళదే. లీగ్‌లో అందరికంటే తక్కువ గోల్స్ ఇచ్చింది కూడా వాళ్ళే. ఆ ఘనత పదకొండు మందిదీ అని పేపర్లు మర్యాదకి రాస్తాయి గానీ, నిజానికి అది ఒక్కతిదే. గోల్‌లో నిలబడే పిల్లది. అందుకే ఆమెను అందరూ 'గోడ' అని పిలిచేవారు. ఆమెకీ ఆ పేరే ఇష్టం.

ఇప్పుడు గోడ లేదు. ఆమె గ్లోవ్స్ మాత్రం ఉన్నాయి. ప్రాక్టీసు వైపు గోల్ నెట్ మీద, అరచేతులు సూర్యుడికి చూపిస్తూ వేలాడుతున్నాయి.

ఇన్‌స్పెక్టర్ వాటి ముందు నిలబడింది. ఇరవై ఏళ్ళ సర్వీసు ఆమెది. శవాన్ని చూసి వచ్చి భోజనం చేయగల గుండె. అలాంటి మనిషి ఇవాళ ఆ గ్లోవ్స్‌ని ముట్టుకోవడానికి జంకింది. కారణం ఉంది. కంప్లయింట్ ఇచ్చింది కోచ్ కాదు, క్లబ్ కాదు. ఆమె అన్న కూతురు చిట్టి.

"అత్తా, వెంటనే రా. మా గోల్‌కీపర్ అక్క కనిపించట్లేదు. కోచ్ సార్ సాయంత్రం దాకా చూద్దామంటున్నారు. నాకు భయంగా ఉంది," అంది ఫోన్లో.

చిట్టి ఆ జట్టులో రెండో గోల్‌కీపర్. తల్లి పోయాక అత్త ఇంట్లోనే పెరిగింది. గోడ ఉన్నంతకాలం దానికి బెంచీయే గతి. గోడ లేకపోతే ఇవాళ గోల్‌లో నిలబడేది అదే. ఇది గ్రహించడానికి పోలీసు బుర్ర అక్కర్లేదు, ఎవరికైనా తడుతుంది. ఇన్‌స్పెక్టర్‌కి జీపు ఎక్కేలోపే తట్టింది. తట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రూలు ప్రకారం కేసు వేరే ఆఫీసరుకి అప్పగించాలి. కానీ ఆయన వచ్చేసరికి గంటో రెండు గంటలో పడుతుంది. ఆ పిల్లకి అంత వ్యవధి ఉందో లేదో ఎవరికి తెలుసు? వెనక్కి వెళ్ళాలని కాళ్ళు అంటున్నా, ఆమె ముందుకే నడిచింది.

గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పిన మాట సూటిగా ఉంది. పొద్దున లోపలికి వచ్చింది నలుగురే. కోచ్, ఆటగాళ్ళ దెబ్బలు చూసే ఫిజియో, గోడ, చిట్టి. మిగతా పిల్లలు హోటల్లోనే ఉన్నారు, మధ్యాహ్నం బస్సులో వస్తారు. ఈ గేటులోంచి ఎవరూ బయటికి పోలేదు. వెనక గేటుకి మాత్రం తాళం లేదు, లోపలివైపు గడియ ఒక్కటే.

"అటునుంచే పోయుంటుంది. టెన్షన్ తట్టుకోలేక," అన్నాడు కోచ్.

అప్పుడే డ్రెస్సింగ్ రూమ్‌లోంచి వచ్చిన కానిస్టేబుల్, గోడ ఫోను, బ్యాగు, చెప్పులు అన్నీ లాకర్‌లోనే ఉన్నాయని చెప్పాడు. టెన్షన్ ఎంతున్నా, అడుగున ఇనప మేకుల్లాంటి స్టడ్స్ ఉన్న ఆట బూట్లు వేసుకుని తార్రోడ్డు మీద పరుగెత్తే పిల్ల ఉండదు. ఆమెను ఎవరైనా ఎత్తుకుపోయి ఉండాలి. లేదా ఇక్కడే ఎక్కడో ఉండాలి.

ఇన్‌స్పెక్టర్ గ్లోవ్స్ దించింది. తడిగా ఉన్నాయి. అరచేతుల వైపే కాదు, వెనకవైపు, లోపల, మణికట్టు పట్టీ దాకా నీళ్ళే. ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన. పట్టీ ఊడదీసి చూసింది. కుట్టు సందులో సన్నటి ఎర్రటి గీత.

రక్తం.

ఎవరో గ్లోవ్స్ కడిగారు. కుట్టులోది పోలేదు.

నెట్ లోపల బంతులు పడి ఉన్నాయి. ఒకటీ అరా కాదు, ఏడు. వాటినీ చూసింది గానీ, ఆ క్షణంలో మనసు వాటి మీద నిలవలేదు.

స్టేడియమంతా గాలించారు. తాళం చెవుల గుత్తి పట్టుకుని కోచే ముందు నడిచి గదులన్నీ తెరిచాడు. జిమ్, షవర్లు, ఆఫీసు. స్టోర్ రూమ్ తలుపు తీసి లైటు వేశాడు. కోన్‌లు, బంతుల సంచులు, మూలన పాత నెట్‌ల కుప్ప. కానిస్టేబుల్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. కోచ్ లైటు ఆర్పి, తలుపేసి, పక్క గదికి నడిచాడు.

ఇక మిగిలింది మనుషుల్ని అడగడం. ఇన్‌స్పెక్టర్ డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుంది. గ్లోవ్స్‌ని ఒక పేపరు మీద పెట్టి, ఆరతాయి కదా అని కిటికీ గట్టు మీద ఎండలో ఉంచింది. ఒక్కొక్కరినే పిలిచింది.

మొదట కోచ్. ఒకప్పుడు గోల్స్ కొట్టడంలో పేరున్న ఫార్వర్డ్. బతుకంతా గోల్‌కీపర్ని ఎలా ఓడించాలా అని ఆలోచించిన మనిషి. ఈసారి కప్పు రాకపోతే తనను తీసేస్తారని ఆయనే చెప్పుకున్నాడు. గోల్‌కీపర్లకి నేర్పే కోచ్ సీజన్ మధ్యలోనే మానేశాడట, ఆ పని కూడా ఈయన నెత్తినే పడిందట. ఉదయం మాత్రం ఆఫీసులో ఫోన్లు మాట్లాడుకుంటూ ఉన్నానన్నాడు. కిటికీలోంచి చూస్తే గోడ ఒంటరిగా వార్మప్ చేసుకుంటోందని, మళ్ళీ చూసేసరికి లేదని చెప్పాడు. లేచి వెళ్ళబోతూ గొంతు తగ్గించాడు.

"మీ అమ్మాయి కదా, చెప్పడానికి మొహమాటంగా ఉంది మేడమ్. నిన్న వాళ్ళిద్దరికీ పెద్ద గొడవైంది. చిట్టి దాన్ని తోసేసింది కూడా."

ఇన్‌స్పెక్టర్ మొహం కదల్లేదు. చిట్టిని పిలవమంది.

తర్వాత చిట్టి వచ్చింది. ఇంట్లో అయితే వస్తూనే పక్కన చేరి ఒళ్ళో తల పెట్టే పిల్ల, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఉదయం ఎక్కడున్నావు?"

"జిమ్‌లో."

"ఎవరైనా చూశారా?"

"ఎవరూ లేరు."

"గ్రౌండ్‌లోకి వెళ్ళావా?"

"లేదు."

"నిన్న గొడవ దేనికి?"

చిట్టి తల దించుకుంది. వారం నుంచి అక్కకి ఒంట్లో బాగాలేదని, పొద్దున్నే వాంతులు చేసుకుంటోందని, ఈ ఒక్క మ్యాచ్ మానెయ్యమన్నానని చెప్పింది. 'నా చోటు మీద కన్నేశావు' అందట గోడ. కోపం పట్టలేక తోసిందట.

నిజమేనా? నిజం లాగే ఉంది. అబద్ధమైనా ఇలాగే ఉంటుంది. పన్నెండేళ్ళు తన చేత్తో జడ వేసిన పిల్ల మొహంలో ఇన్‌స్పెక్టర్ నేరం వెతుకుతోంది. దొరుకుతుందేమోనని హడలిపోతూ వెతుకుతోంది.

చిట్టి కళ్ళు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది. గట్టు మీద గ్లోవ్స్ కనిపించాయి. ఏడుపు మధ్యలోనే, ఆలోచించకుండానే, పేపరుతో సహా వాటిని నీడలోకి జరిపింది.

"ముట్టుకోకు. అది సాక్ష్యం. ఎందుకు జరిపావు?"

చిట్టి ఉలిక్కిపడింది. "ఎండ తగులుతోంది కదత్తా. అరచేతిలో ఉండే రబ్బరు మెత్తగా ఉంటేనే బంతి అతుక్కుంటుంది. ఎండలో పెడితే బిరుసెక్కి పెచ్చులు లేస్తుంది. ఇంక పనికిరావు. ఏ గోల్‌కీపరూ ఎండలో పెట్టదు. అక్కయితే చంపేస్తుంది."

ఇన్‌స్పెక్టర్ గ్లోవ్స్ వంకే చూసింది. చిట్టిని బయట కూర్చోమని పంపింది. తలుపు మూసుకోగానే పేపరును మళ్ళీ ఎండలోకి లాగింది. ఫిజియోని పిలిచింది.

ఫిజియో ముప్పై దాటిన మనిషి. తనూ ఒకప్పుడు గోల్‌కీపరే. వేళ్ళు రెండుసార్లు విరిగాక ఆట మానింది. ఉదయం తన గదిలో ఐస్ ప్యాకులు సర్దుకుంటున్నానని చెప్పింది. ఆమెకీ సాక్షి లేరు. ఏదో దాస్తోందని మొహమే చెబుతోంది. మాటల మధ్య ఆమె చూపు కిటికీ మీద పడింది. లేచి, అలవాటుగా, పేపరును నీడలోకి జరిపి వచ్చి కూర్చుంది. తను చేసిన పని తనకే తెలిసినట్టు లేదు.

ఇన్‌స్పెక్టర్ అందరినీ లోపలికి రమ్మంది. గ్లోవ్స్ మళ్ళీ ఎండలో పెట్టింది. కోచ్‌ని కిటికీ పక్కనే కూర్చోబెట్టింది.

"ఇంకా తడి ఆరలేదు సార్. ఇంకాస్త ఎండలోకి జరపమంటారా?"

"మీ ఇష్టం మేడమ్," అన్నాడు కోచ్.

చిట్టి, ఫిజియో ఒక్కసారే ఆయన వైపు చూశారు.

"ఉదయం వీటిని నెట్ మీద ఆరేసింది ఎవరు?"

"ఇంకెవరు? ఆ పిల్లే."

"ఎండకెదురుగానా?"

"అయితే?"

"ఆమె ఆరెయ్యదు సార్. చిట్టీ ఆరెయ్యదు. ఫిజియో గారూ ఆరెయ్యరు. గోల్‌కీపర్ అయినవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు, చెయ్యమన్నా చేతులు రావు. ఉదయం లోపల ఉన్నది నలుగురు. అందులో గోల్‌కీపర్ కానిది మీరొక్కరే."

కోచ్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఒంటరిగా వార్మప్ చేసుకుంటోందన్నారు. మరి నెట్‌లో ఏడు బంతులు ఎలా వచ్చాయి? తన గోల్‌లోకి తనే కొట్టుకుందా? మీరు కొట్టారు. ఆమె పడింది. రక్తం వచ్చింది. గ్లోవ్స్ కడిగి ఆరేశారు, ప్రాక్టీసు ముగించుకుని తనే వెళ్ళిపోయిందని మేం అనుకోవాలని. కడిగారు గానీ, ఎక్కడ ఆరెయ్యకూడదో మీకు తెలీదు."

అప్పుడు ఫిజియో ఏడ్చేసింది. పోయిన వారం మ్యాచ్‌లో గోడ తలకి అవతలి జట్టు పిల్ల మోకాలు గట్టిగా తగిలిందట. మూడు వారాలు ఆడించొద్దని తను కోచ్‌కి నోటితో చెప్పిందట. నోరు విప్పితే ఉద్యోగం ఉండదన్నాడట ఆయన. భయపడి ఊరుకుందట.

ఇన్‌స్పెక్టర్ కోచ్ ముందుకి వంగింది.

"ఎక్కడ పెట్టారు?"

"ఒక్క షాట్... బంతి తలకి తగిలి, వెళ్ళి గోల్ పోస్టుకి కొట్టుకుంది. పిలిస్తే పలకలేదు. ఊపిరి లేదు మేడమ్, నేను చూశాను. చచ్చిపోయిందనుకున్నాను."

"ఎక్కడ?"

"స్టోర్ రూమ్. నెట్‌ల కింద."

కానిస్టేబుల్ తొంగిచూసి వచ్చిన గది అది. ఇన్‌స్పెక్టర్ పరుగెత్తింది. వెనక చిట్టి, ఫిజియో. లైటు స్విచ్ కోసం ఎవరూ ఆగలేదు. నెట్‌లు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ వేళ్ళు వాటిలో ఇరుక్కుపోయాయి. లాగుతోంటే మళ్ళీ నెట్టే వస్తోంది. చిట్టి పళ్ళతో తెంపబోయింది. దేవుడా, దేవుడా అని ఎవరో గొణుగుతున్నారు. ఆ గొంతు తనదేనని ఇన్‌స్పెక్టర్‌కి కాసేపటికి గాని తెలియలేదు.

ముందు ఒక బూటు కనిపించింది. తర్వాత మోకాలు. తర్వాత రక్తం అట్టకట్టిన జుట్టు.

ఫిజియో ఆ పిల్ల మెడ మీద వేళ్ళు పెట్టింది. తీసి, మళ్ళీ పెట్టింది. ఇన్‌స్పెక్టర్ జన్మలో అంత భయపడలేదు.

"ఉంది," అంది ఫిజియో. "ఉందండీ. కొట్టుకుంటోంది."

* * *

ఆసుపత్రి వరండాలో సాయంత్రం దాకా కూర్చున్నారు అత్తా, మేనకోడలు. మ్యాచ్ ఎల్లుండికి వాయిదా వేశారు. కోచ్ లాకప్‌లో ఉన్నాడు. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ బయటికి వచ్చి, ప్రాణానికి ఫరవాలేదని, తెలివి రావడానికి మాత్రం రెండు రోజులు పట్టొచ్చని చెప్పింది. ఇక గోల్‌లో నిలబడటం అనే మాట మరిచిపోవాలని కూడా చెప్పి వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ మేనకోడలి వైపు తిరిగింది. "చిట్టీ, ఇవాళ నిన్నూ అనుమానించాను. నిజంగా నువ్వే అయ్యుంటే ఏం చేసేదాన్నో నాకు తెలీదు. నన్ను క్షమించు."

చిట్టి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు అనుమానించింది తప్పు కాదత్తా. అక్క కనిపించట్లేదని సార్ చెప్పగానే నీకు ఫోన్ చెయ్యలేదు. ఇవాళ గోల్‌లో నేనే అనుకున్నాను. సంతోషం వేసింది. భయం తర్వాత వేసింది."

ఇరవై ఏళ్ళ అలవాటు, ప్రశ్న దానంతటదే వచ్చేసింది. "ఎంతసేపు?"

"తెలీదు. నా గ్లోవ్స్ తొడుక్కుని అద్దంలో చూసుకున్నంతసేపు." చిట్టి తన అరచేతుల్ని చూసుకుంది. "ఆ కాస్సేపూ అక్క నెట్‌ల కింద ఉంది."

ఇన్‌స్పెక్టర్ చిట్టి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఎల్లుండి వెళ్ళి ఆడు," అంది. "ఆడి వచ్చి, ఇప్పుడు నాతో అన్న మాట తెలివొచ్చాక అక్కతోనే అను."

"తిడుతుందత్తా. జన్మలో మాట్లాడదు."

"తిట్టనీవే. తిట్టడానికి మనిషంటూ మిగిలింది."