ఆగిపోయిన వాక్యం

మార్టూరు దగ్గర మా ఊళ్లో కరెంటు పోతే ముందు చెవులకే తెలుస్తుంది. రాత్రీ పగలూ గ్రానైటు కోసే యంత్రాలు ఒక్కసారిగా మూగబోతాయి. 2003 వానాకాలంలో ఒక సాయంత్రం అలాగే మూగబోయాయి. అత్తయ్య రెబెకా ప్రార్థన కూటానికి వెళ్లింది. నేను లాంతరు వెలిగించి కాగితాలు ముందేసుకున్నాను.

నేను బడిలో టీచర్ని. పత్రికలకు కథలు రాసేదాన్ని. రాసిన ప్రతి పేజీ ముందు మా ఆయన క్రీస్తుదాసుకు చదివి వినిపించేదాన్ని. క్వారీలో బండ విరిగి మీదపడి ఆయన పోయాక, ఆ కథే రాయాలనుకున్నాను. ‘ఆ పొద్దున ఆయన టీ తాగకుండానే వెళ్లాడు’ అన్న వాక్యం దగ్గర కలం ఆగిపోయేది. ఏడాదిగా అంతే. వేరే కథేదైనా రాసుకోమని తోటి టీచర్లు చెప్పారు. అదీ నా వల్ల కాలేదు.

తడిసిన రాతిపొడి వాసన వచ్చింది. తలుపు వేసే ఉంది. నా వెనక ఎవరో కష్టంగా ఊపిరి తీస్తున్నట్టు...

“రాయి.”

మా ఆయన గొంతే. బండ కింద నుంచి ఆ ఒక్క మాటే వినపడిందని, అంతలోనే ప్రాణం పోయిందని ఆయనతో పనిచేసే మాబు చెప్పాడు. మీద పడిన రాయి గురించే అన్నాడనుకున్నాం.

“రాయి, కుమారీ.”

రాశాను. ఆయన గుసగుసగా చెబుతుంటే కలం పరుగెత్తింది. భయపడుతూనే, ఏడుస్తూనే, ఇన్నాళ్లకు రాయగలుగుతున్నానని సంతోషించాను కూడా. బండ పడేదాకా వచ్చింది. కథ అక్కడ అయిపోవాలి.

గొంతు ఆగలేదు. ఆ చీకట్లో ఎంత దాహమేసిందో చెప్పింది. పైన నేను నిలబడి “ఏవండీ” అని అరవడం, తను జవాబివ్వడం... ఎవరికీ వినపడకపోవడం... తెల్లారేదాకా...

చాలన్నాను. కలం వదిలేయబోయాను. వేళ్లు విడలేదు.

“నా పక్కన ఇంకొకడున్నాడు. వాణ్ణి తీయలేదు.”

“ఎవరండీ?”

అంతలోనే కరెంటు వచ్చింది. యంత్రాల మోత మొదలైంది. గదిలో నేనొక్కదాన్నే.

మరునాడు మాబుని అడిగాను. లోపలున్నది మీ ఆయన ఒక్కడేనమ్మా అన్నాడు. పనివాళ్లలో ఎవరూ తప్పిపోలేదని క్వారీలో అందరూ అదే చెప్పారు. ఆ చోటు మళ్లీ తవ్వి చూడమంటే దుఃఖంలో మతి చెదిరిందనుకున్నారు.

ఆ కథ అచ్చయింది. ఇప్పుడు నా కలం ఆగదు. పొద్దు వాలితే చాలు, పక్కన ఒక గొంతు చెబుతూనే ఉంటుంది. ముందు నీళ్లడుగుతుంది. తర్వాత కథ మొదలుపెడుతుంది.

అది మా ఆయన గొంతు కాదు.