వెనుక అట్టకు అంటిన కాగితం

ఆదోని మార్కెట్ యార్డుకు ఎదురుగా, ఒక పత్తి దలాలీ కొట్టు మీది అంతస్తులో ప్రైవేటు డిటెక్టివ్ ప్రమీల కార్యాలయం ఉన్నది. ఆ ఉదయం అక్కడికి వచ్చిన యువతి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. పేరు చందన, న్యాయకళాశాలలో చివరి సంవత్సరం విద్యార్థిని.

"మేడమ్, నా స్నేహితురాలి గొంతు కోసినాను," అన్నది.

కోర్టు అమీనుగా పదవీవిరమణ చేసి ప్రమీలకు సహాయకుడైన యేసేపు ఉలిక్కిపడి ఆమె చేతుల వంక చూశాడు.

విషయం మెల్లగా తెలిసింది. సాక్ష్య చట్టం పరీక్షను కళాశాల ఈసారి పుస్తకం తెరచి రాసే పద్ధతిలో పెట్టింది. అచ్చుపుస్తకం తెచ్చుకోవచ్చు, చేతిరాత మాత్రం ఒక్క పంక్తి ఉండరాదు. చందనా, ఎమ్మిగనూరు నేతగాడు సోమప్ప కూతురైన ఈ స్నేహితురాలు మల్లేశ్వరీ నెల రోజులు కలిసి చదివారు. పుస్తకం ఎలాగూ చేతిలోనే ఉంటుందని చందన తేలికగా తీసుకున్నది. మల్లేశ్వరి ముఖ్యమైన పుటలన్నింటికీ రంగు నూలుపోగులు గుర్తు పెట్టుకొని, ఏ సెక్షన్ ఎక్కడున్నదో వేళ్లకే తెలిసేటంతగా సాధన చేసింది. పరీక్షలో ఆమె వెనుక పుటలు తిప్పినప్పుడు, అట్ట లోపల అంటించిన చేతిరాత కాగితం పక్క వరుసలోని చందన కంటబడింది. చందన లేచి ఇన్విజిలేటర్ సుధాకర్‌కు చెప్పింది. మల్లేశ్వరి తప్పు తనదేనని రాసి సంతకం పెట్టింది. రేపే విచారణ, రుజువైతే రెండేళ్లు పరీక్షలకు దూరం.

"ఒప్పుకున్నది కదమ్మా, ఇంకేముంది?" అన్నాడు యేసేపు.

"అది అట్ల చేసేది కాదు సార్. ఆ కాగితంలో చూసి రాయనే లేదు. వేలితో తడిమింది, వాసన చూసింది, పెన్ను మూసి పెట్టేసింది." చందన తల దించుకున్నది. "నేను నియమం కోసం సెప్పలేదు మేడమ్. దానికి ఫస్టు వస్తాదని సెప్పినాను."

ప్రమీల ముందు కళాశాలకు వెళ్లి పుస్తకాన్ని పరిశీలించింది. రాత మల్లేశ్వరిదే. కాగితం అట్టనిండా ముడత లేకుండా అంటి ఉన్నది. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. అంచులలో ఎండిన జిగురు మీద సన్నని గీతలు, అన్నీ ఒకే దిక్కుకు.

అక్కడి నుండి యేసేపుతో కలిసి ఎమ్మిగనూరు వెళ్లింది. వీధి పొడవునా మగ్గానికి ఎక్కించే పడుగు నూలు సాచి, సోమప్ప కుంచెతో గంజి పట్టిస్తున్నాడు. మల్లేశ్వరి గడప దాటి రాలేదు. అంటించినది తానేనని, ఇంతటితో వదిలేయమని లోపలినుంచే చెప్పింది. ఆ మాటకు సోమప్ప చేతిలోని కుంచె ఒక్క క్షణం ఆగింది. ప్రమీల తన చిరునామా కార్డు ఇచ్చింది. ఆయన దానిని తలకిందులుగా పట్టుకొని చాలాసేపు చూసి, జేబులో పెట్టుకున్నాడు. విచారణకు తప్పక రావాలని మాత్రం చెప్పి ఆమె వెనుదిరిగింది.

మరునాడు ప్రిన్సిపాల్ అరుణకుమారి గదిలో అందరూ సమావేశమయ్యారు.

"కాపీ కొట్టదలచినవారు కాగితాన్ని తలకిందులుగా అంటించుకోరు," అని ప్రమీల మొదలుపెట్టింది. "అంటించినవారికి అక్షరాలు రావు. ఆ జిగురు బజారుది కాదు, పడుగుకు పట్టించే గంజి. దాని మీది గీతలు కుంచెవి. మల్లేశ్వరి పరీక్షలో వాసన చూసినది ఆ గంజినే. చూడగానే ఎవరి పనో ఆమెకు తెలిసిపోయింది."

సోమప్ప లేచి నిలబడ్డాడు.

"నేనేనమ్మా. పరీక్షకు ముందుదినం అట్ట ఊడిపోయింటే, ఆడ చేతిలోనుంచి జారిపోతాదని భయపడినా. చిత్తుకాగితాల్లో దిట్టంగా ఉండేది ఏరి అంటించినా. పాపకు సెప్పలే. నాయన మీద నేరం పడితే కూతురికి నల్లకోటు ఇయ్యరనుకొని నోరు మూసుకున్నా. మూడుదినాలుగా ముద్ద దిగలేదు."

"నువ్వు చదువుకోలేదని అందరి ముందర నాతో అనిపించొద్దనే సంతకం పెట్టినా నాయనా," అన్నది మల్లేశ్వరి.

అరుణకుమారి ఒప్పుకోలు పత్రాన్ని కొట్టివేసి, సోమవారం మల్లేశ్వరి మళ్లీ పరీక్ష రాయవచ్చునని ప్రకటించింది. అయితే కాగితం తీసివేయాలి. సోమప్ప వేడినీళ్లు అడిగాడు. చందన పరుగున వెళ్లి తెచ్చింది. మల్లేశ్వరి ఆమె ముఖం చూడకుండా గ్లాసు అందుకున్నది.

తడిపిన కాగితం చిరగకుండా సోమప్ప చేతిలోకి వచ్చింది.

"ఏది పైన పాపా?"

మల్లేశ్వరి కాగితం తిప్పి, ఆయన వేలిని మొదటి పంక్తి మీద ఉంచింది. "మూడేండ్లు లా చదివినా. నీకు ఈ ముక్క సెప్పలే."

మెట్లు దిగుతూ యేసేపు ప్రమీల తెలివిని మెచ్చుకొని, గెలిచిన కేసులో చందన గోడవైపు తిరిగి ఎందుకు ఏడుస్తున్నదని అడిగాడు.

"స్నేహితురాలి తప్పు లేదని తేల్చమని వచ్చింది, తేల్చినాము," అన్నది ప్రమీల. "తన తప్పు లేదని తేల్చమని ఆమె అడగలేదు యేసేపన్నా. అడిగినా ఆ కేసు నేను తీసుకునేదాన్ని కాదు."