మురుగుకాల్వలో పెళ్లికొడుకు

అడాకు అనే అమ్మాయి చేతిపని అంత బాగుండకపోతే ఈ పెళ్లి ఏ చిక్కూ లేకుండా కుదిరిపోయేది.

ఆమె అసాబా పట్నంలో పనిచేస్తున్న సినిమా, మత్తుమందుకు బానిసై నాశనమయ్యే కుర్రాడి కథ. హీరో దుబెం. రోజూ పొద్దున్నే అతని చక్కని ముఖాన్ని పాడుచెయ్యడం మేకప్ అమ్మాయి అడాకు ఉద్యోగం. కళ్లకింద నలుపు, పెదాలకు పగుళ్లు, మెడమీద మురికి. కాస్త అందంగా ఉంచమని అతను, కదిలితే ముక్కు కూడా నల్లబడుతుందని ఆమె, మొదటిరోజే తగువుపడ్డారు. ఏడో వారానికి సాయంత్రం ఆ రంగు తుడవడానికి మాత్రం ఇద్దరికీ అక్కర్లేనంత సమయం పడుతోంది.

దుబెంని చేసుకుంటానని అడాకు ఇంట్లో చెప్పింది. మా ఇళ్లలో పిల్ల ఒక పేరు చెబితే ఎవరూ అవుననరు, కాదనరు. ముందు అబ్బాయి ఊరికి విచారణకు మనిషిని పంపుతారు. అతను చెప్పాపెట్టకుండా వెళ్లి, ఆ ఇంట పిచ్చి ఉందా, దొంగతనం ఉందా, తాగుడుందా అని ఇరుగుపొరుగుల్ని అడిగి వస్తాడు. అడాకు వాళ్ల ఊరు న్నెవి నుంచి ఎజికే బాబాయి జేబులో దుబెం ఫొటోతో, అతని ఊరు అసాబాకే బయల్దేరాడు.

ఆ రోజు షూటింగు బస్టాండు దగ్గర. జనం కెమెరా వైపు చూడకుండా దాన్ని వ్యానులో దాచారు. దుబెం మత్తుకోసం తాగే దగ్గుమందు సీసా పట్టుకుని మురుగుకాల్వ అంచున పడున్నాడు. బస్సు దిగిన బాబాయి ఫొటో చూసి, మనిషిని చూసి, మళ్లీ ఫొటో చూసి వంగాడు.

"మీ నాన్న పేరేంటి నాయనా?"

ఎవరు పలకరించినా పాత్రలోంచి బయటకు రావద్దని డైరెక్టరు ముందే చెప్పాడు. ఈ పెద్దాయన కూడా కొత్తగా పెట్టిన నటుడే అనుకున్నాడు దుబెం.

"నాన్న ఉన్నాడు, తలుపు లేదు. తలుపు నేనే అమ్మి తాగేశాను."

బాబాయి నేరుగా వాళ్లింటికి వెళ్లాడు. వీధి తలుపు నిజంగానే లేదు, రేకు అడ్డం పెట్టి ఉంది. ఆ ఇంటి కుర్రాడు మత్తుకు మరిగి అమ్మేశాడని పక్కింటావిడ జాలిగా చెప్పింది.

ఈ సంబంధం వద్దని సాయంత్రం ఫోనొచ్చింది. అదంతా సినిమా అని అడాకు చెప్పబోతే, ఆ రేకు కూడా మేకప్పేనా అని అడిగాడు బాబాయి.

మర్నాడు బ్రష్షు పట్టుకునే అడిగింది. "మీ ఇంటి తలుపు ఎవరు అమ్మారు?"

దుబెం చెప్పాడు. అమ్మింది తన అన్న ఇకెం. చికిత్స అయ్యి తొమ్మిది నెలలైంది, మళ్లీ ముట్టుకోలేదు. నిన్న కాల్వ దగ్గర తన నోటికొచ్చింది ఇకెం అప్పట్లో చెప్పిన మాటే. చెబితే ఆమె పారిపోతుందేమోనని ఇన్నాళ్లూ దాచాడు.

"ఏడు వారాలు నీ ముఖానికి దుఃఖం పూశాను. లోపలే అంత ఉందని చెబితే ఇంత రంగు అయ్యేది కాదుగా," అంది అడాకు.

నవ్వుతోందో, ఏడవబోతోందో అతనికి అర్థం కాలేదు. ఆమెకూ అర్థం కాలేదు.

"పారిపోతావా?"

"తెలీదు. కదలకు."

ఆదివారం దుబెం న్నెవి వెళ్లాడు, అన్నను వెంటబెట్టుకుని. అడాకు వాళ్ల వాకిట్లో అందరూ కూర్చుని ఉన్నారు.

"పెద్దయ్యా, కాల్వలో పడుండటం నటన. తలుపు మాత్రం నిజం. అమ్మింది మా అన్న, ఇతనే. అడగాల్సింది అడగండి."

ఇకెం తల వంచుకునే ఉన్నాడు. "ఇంకెప్పుడూ ముట్టనని ఒట్టు పెట్టలేనండి. ఇవాళ ముట్టలేదు."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. తాను ఇంతవరకు పదకొండు ఇళ్లు విచారించానన్నాడు. అప్పుడు ఏ ఇంట్లోనూ ఏ లోపమూ కనబడలేదట. పెళ్లిళ్లయ్యాకే ఒక్కొక్కటీ బయటపడ్డాయట. "లోపాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. నువ్వేమంటావే అడాకు?"

అడాకు దుబెం వైపు చూసింది. రంగు లేకుండా కూడా అతని ముఖం ఆ రోజు అంతే పాడై ఉంది.

"ఆ ఇంటికే వెళ్తాను బాబాయ్," అంది.

వచ్చినవాళ్లను తమవాళ్లుగా ఒప్పుకుంటూ మా పెద్దలు పంచే కోలా గింజను బాబాయి పళ్లెంలోంచి తీసి విరిచాడు. మొదటి ముక్క తీసుకెళ్లి ఇకెం చేతిలో పెట్టాడు.