దుఃఖపుటింట్లో రోలు చప్పుడు

తెల్లారి ఇంకా ఎండ లోయలోకి దిగనేలేదు, సుర్మకి అప్పుడే నడుం పడిపోయినంత పనైంది. మేకల పాక ఊడ్చి, రొట్టెల పిండి తడిపి గుడ్డ కప్పి, తండూరులో కట్టెలు పేర్చి వచ్చేసరికి అత్తగారు ఆస్మర్ ఇంకా గోడవైపు తిరిగి పడుకునే ఉంది. రాత్రి పెట్టిన పప్పు గిన్నె పక్కనే ఉంది, పెట్టింది పెట్టినట్టే.

"ఒక్క చెంచా కూడా ముట్టుకోలేదేం అత్తా?"

"ఆకలి లేదు."

"నిన్నా లేదు, మొన్నా లేదు. మరి ఎప్పుడు వేస్తుందట ఆ ఆకలి?"

"నా కడుపు, నా ఇష్టం. పొద్దున్నే నా నెత్తిన కూర్చోకు."

 సుర్మ గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేసింది. ఈస్టర్ ముందటి పెద్ద ఉపవాసాలు నడుస్తున్నాయి. పాలు, వెన్న, గుడ్డు, మాంసం ఏదీ ముట్టకూడదు. ఆస్మర్‌కి ప్రాణం పోయినా ఫరవాలేదు, ఉపవాసం చెడకూడదు. మందులిచ్చే నర్సేమో, బలమైన తిండి పెట్టకపోతే ముసలమ్మ ఇక మంచం దిగదని మొహం మీదే చెప్పి వెళ్ళింది. పాలూ గుడ్డూ లేకుండా బలం ఎక్కణ్ణించి తేవాలి?

ఆలోచించి ఆలోచించి, చివరికి అటక మీద మూట దించింది. పెరట్లో చెట్టువే అక్రోట్లు, కిందటి వేసవిలో కప్పు మీద ఎండబెట్టిన అంజీరపళ్ళు, గుప్పెడు కిస్‌మిస్‌లు, బజారునుంచి తెచ్చిన ఖర్జూరాలు. పొయ్యి అక్కర్లేదు. గింజలు తీసేసి, అంజీరలు నీళ్ళలో కాసేపు నాననిచ్చి, అన్నీ కలిపి దంచి, కాస్త నువ్వుల ముద్ద, యాలకుల పొడి కలిపి ఉండలు చుట్టడమే. ఉపవాసాల్లో తన పుట్టింట్లో అమ్మ చేసేది.

కానీ ఈ ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరూ తీపి చెయ్యలేదు. సుర్మ మొగుడు యోనాన్, ఆస్మర్‌కి ఒక్కగానొక్క కొడుకు, కొండదారిలో ట్రాక్టరు బోల్తాపడి పోయిన నాటినుంచి అత్తాకోడళ్ళిద్దరూ నల్లబట్టల్లోనే ఉన్నారు. దుఃఖపుటింట్లో తీపి చెయ్యకపోవడం ఆ ఊరి ఆనవాయితీ. ఇంటి పెద్దది తన చేత్తో తీపి చేసి నోట్లో పెడితేనే చిన్నవాళ్ళు నలుపు విప్పాలి, మళ్ళీ పెళ్ళి మాటైనా అప్పుడే. అందరిళ్ళలోనూ ఏడాదికో రెండేళ్ళకో అయిపోతుంది. ఆస్మర్ మాత్రం ఏ ఏటికాయేడు "వచ్చే ఈస్టర్‌కి చూద్దాం" అంటూ వచ్చింది.

"ఇది తీపి కాదు, మందు" అని తనకు తనే చెప్పుకుని సుర్మ రోట్లో రోకలి వేసింది. గింజలు తీసిన ఖర్జూరం మెత్తగా అణిగింది. అక్రోట్లు పడగానే చప్పుడు పెరిగింది. దంచుతుంటే భుజాలు లాగేస్తున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఆ చప్పుడు గోడ అవతలికి వినిపిస్తుందన్న ధ్యాసే లేదు ఆమెకి.

పక్కింటి ఖాతూన్ వింది. రొట్టెల పిండిని ఎవరూ దంచరు. ఉల్లిపాయకి ఇంత చప్పుడు రాదు. రోట్లో అక్రోట్లు పడ్డాయంటే తీపే! ఇంకేముంది, పిండి చేతులు కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చి, గుమ్మంలోనే నాలుక తిప్పుతూ పెళ్ళిళ్ళలో పెట్టే కేక ఒకటి పెట్టింది. ఉపవాసాలన్న జ్ఞానం కూడా లేకుండా!

"బతికించావు ఆస్మరక్కా! ఇన్నాళ్ళకి నీ మనసు కరిగింది! పాపం ఆ గివర్గీస్ నీ కోడల్ని రెండుసార్లు అడిగించి రెండుసార్లూ లేదనిపించుకున్నాడు. ఉపవాసాలు కాగానే పెళ్ళే ఇక!"

ఆకలి లేని మనిషి, మంచం దిగని మనిషి, గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రోలు చూసింది. కోడలి చేతికంటిన ఖర్జూరం చూసింది.

"ఓహో! నేను చావకముందే పండగ మొదలెట్టావా?"

"అత్తా, ఇది నీకోసమే..."

"నాకోసమా! నా కొడుకు ఎముకల మీద కూర్చుని దంచుతున్నావు, నాకోసమట! ఎవడే ఆ గివర్గీస్? తేనెపెట్టెలవాడేనా? పెళ్ళాం పోయి ఏడాదైనా అయిందా వాడికి?"

"మూడేళ్ళయింది" అంది ఖాతూన్ ఉండబట్టలేక.

"నిన్నెవరడిగారు? నీ మొహానికి ఆ కేక ఒకటీ!"

సుర్మ రోకలి కింద పెట్టింది. అరవలేదు. అరిచే బలం ఉంటే బాగుండునని ఆమెకే అనిపించింది.

"నువ్వు తినడం లేదని చేశాను. పాలు తాగవు, గుడ్డు ముట్టవు. నువ్వు కూడా పోతే ఈ ఇంట్లో నేనెవరితో పోట్లాడాలి? అతన్ని రమ్మని నేననలేదు. రెండుసార్లూ వద్దన్నాను. యోనాన్ పోయినందుకు నువ్వొక్కదానివే ఏడ్చావా అత్తా? నాకు ఏడవడానికి కూడా తీరిక లేదు. మేకలున్నాయి, రొట్టెలున్నాయి, నువ్వున్నావు. అలసిపోయాను. పారబొయ్యమంటే పారబోస్తాను, చెప్పు."

 సుర్మ చేతులు కడుక్కుని తండూరు దగ్గరికి వెళ్ళిపోయింది. ఎవరేమన్నా రొట్టెలు కాల్చక తప్పదు కదా. కాల్చినంతసేపూ కళ్ళు మండుతూనే ఉన్నాయి. అది పొగేనని సరిపెట్టుకుంది.

రొట్టెలతో తిరిగొచ్చేసరికి ఖాతూన్ లేదు. ఆస్మర్ నేలమీద రోలు ముందు కూర్చుని ఉంది. మోకాళ్ళు వంగక కాళ్ళు బారజాపి, రెండు చేతులా రోకలి పట్టుకుని దంచుతోంది.

"లే అత్తా, నడుం పట్టేస్తుంది."

"నోర్ముయ్. నువ్వుల ముద్ద తక్కువేశావు. మీ అమ్మకీ ఇంతే, దేనికీ చెయ్యి రాదు."

సుర్మ రొట్టెలు దించి అలాగే నిలబడిపోయింది. ఆస్మర్ తలెత్తకుండానే మాట్లాడింది.

"అతను అడిగాడని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి?"

"చచ్చిపోతానని బెదిరించేదాన్ని." రోకలి ఆగింది. "తిండి మానేసేదాన్ని. అసలు నాలుగు రోజులుగా ఎందుకు మానేశాననుకున్నావు? కిందటి ఆదివారం అతను గుడి బయట నీతో మాట్లాడటం చూశాను. అతని మొహాన్నిబట్టే తెలిసింది నాకు, నేనూ ఆడదాన్నేగా. నేను మంచం పడితే నువ్వు కదలవని తెలుసు."

"అత్తా!"

"చెప్పనీ. యోనాన్ కోసం ఏడవడం నాకేనాడూ ఆగదు, అది నల్లగుడ్డ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. ఈ నలుపు వాడికోసం కాదే. నువ్వు పోతే నాకెవరున్నారని. నిన్ను కట్టేసుకోవడానికి వాడి పేరు వాడుకున్నాను. కన్నకొడుకు పేరు!"

ముసలామె చెంపలమీదినుంచి జారినవి రోట్లో పడకుండా మోచేత్తో తుడుచుకుంది. సుర్మ వచ్చి పక్కన కూలబడింది. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ బారజాపిన వాచిన కాళ్ళు చూస్తే అది నిలవలేదు.

"అతని ఇల్లు ఏటి అవతలే. నిన్నొదిలి రానని మొదటిసారే చెప్పాను. నీక్కూడా గది ఉందన్నాడు."

"వాడి తేనెటీగలు నన్ను కుడతాయి."

"నిన్ను కుట్టే ధైర్యం వాటికెక్కడిది?"

ఆస్మర్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దంచిన ముద్దలోంచి కాస్త తీసి, అరచేతుల మధ్య ఉండ చేసి, రోటి అంచున రాలిన అక్రోటు పొడిలో దొర్లించింది. కోడలి నోట్లో పెట్టింది. ఇంకొకటి చేసి తనూ నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి మింగింది.

తర్వాత చెయ్యి చాచి సుర్మ గడ్డం కింది ముడి విప్పి, తలగుడ్డ లాగేసింది.

ఈ ఆరేళ్ళూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఆస్మర్ రోజూ చూసింది ఆ నల్లగుడ్డనే. ఇంటికి తెచ్చుకున్ననాడు కోడలి జుట్టు నిగనిగలాడుతూ నడుం దాటేది. ఇప్పుడు పాపిట దగ్గర్నుంచి చెవులదాకా తెల్లగా ఉంది. సుర్మకి ముప్పై అయిదు కూడా నిండలేదు.

ముసలామె ఆ తెల్లటి పాపిట మీద చెయ్యి పెట్టింది.

"ఇదెప్పుడయిందే తల్లీ? నా కళ్ళముందే ఉండి, ఎప్పుడయిందే?"

సుర్మ అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని, ఇన్నేళ్ళకి తీరిక దొరికినట్టు ఏడ్చింది.