రాదెస్ రేవులో ఆఖరి అప్‌డేట్

“గస్సాన్ ద్రోహి అని తేలగానే ఫోన్ చేసి ‘మల్లెలు వచ్చాయి’ అను. నా మనుషులు కిందే ఉంటారు, వచ్చి పట్టుకుంటారు,” అన్నాడు కర్నల్ ముంజీ, ఏజెంట్ నౌఫల్‌తో.

ట్యూనిస్ పక్కనున్న రాదెస్ రేవులో క్రేన్లను నడిపే ప్రోగ్రామ్‌లోకి సముద్రం అవతలి ముఠా ఒకటి దొంగ కోడ్ ఎక్కిస్తోందని కబురు. ఆ ప్రోగ్రామ్ రాసినవాడు గస్సాన్.

నౌఫల్ ప్రోగ్రామర్ వేషంలో ట్యూనిస్‌లో గస్సాన్ పనిచేసే ఆఫీసులో చేరాడు. చేతికి ఒక గడియారం. దాని మీట నొక్కితే ఆఫీసు నెట్‌వర్క్ తెగిపోతుంది. సాయానికి ఇంకో ఏజెంట్, సిరీన్. ఎర్ర స్కార్ఫ్ కట్టుకుని ఆమె నడిచివస్తే కీబోర్డుల చప్పుడు ఆగిపోయేది.

చేరిన నాటి నుంచీ నౌఫల్‌కి ఒకటే కడుపుమంట. ఆఫీసంతా గస్సాన్ జపమే. తను కిందామీదా పడి రాసింది వాడు నాలుగు లైన్లలో తేల్చేస్తాడు. పైగా సిరీన్ నవ్వులన్నీ వాడి బల్ల దగ్గరే.

“ఏం నౌఫల్ సారూ, మొహం మాడ్చుకున్నావ్?” అంటూ గస్సాన్ చక్కెర అద్దిన, గారెలాంటి వేడి బంబలూనీ చాపాడు.

“నాకు తీపి పడదు.”

“నా కోడూ పడట్లేదటగా?”

అందరూ నవ్వారు. సిరీన్ ఇంకాస్త గట్టిగా నవ్వింది.

మర్నాడు ఉదయం ఆమె నౌఫల్ చెవిలో గుసగుసలాడింది. “వాడే. ఇదిగో దొంగ కోడ్, వాడి పేరుతోనే ఎక్కింది. మధ్యాహ్నం అప్‌డేట్‌తో క్రేన్లకి వెళ్తుంది.”

నౌఫల్ చదివాడు. బరువు గాల్లో ఉండగానే కొక్కెం వదిలేయమని ఉంది. కింద మనుషులు పనిచేస్తుంటారు. ఒళ్లు జలదరించినా, లోపలెక్కడో పండగ మొదలైంది. కర్నల్‌కి ఫోన్ కలిపాడు.

“చెప్పు,” అన్నాడు కర్నల్.

గస్సాన్ పతనాన్ని ఇంకోసారి కళ్లారా చూసుకోవాలనిపించింది. మళ్లీ చదివాడు. “ఒక్క నిమిషం, సార్,” అన్నాడు.

ప్రతి లైను ముందూ స్పేస్‌లున్నాయి. లైను లోపలికి జరపాలంటే గస్సాన్ ప్రాణం పోయినా ట్యాబ్ కీనే నొక్కుతాడు. దాని మీద తనూ వాడూ ఒకరోజు క్యాంటీన్లో కొట్టుకున్నంత పని చేశారు. వాడిలో తప్పులు వెతకాలని వాడు రాసిందంతా చదివీ చదివీ, నౌఫల్‌కి కంఠతా వచ్చేసింది. ఆఫీసులో స్పేస్‌లు కొట్టేది ఇద్దరే. ఒకరు తను. రెండోది, ‘నేను నీ పక్షమే’ అని ఆ రోజు తన చెయ్యి పట్టుకున్న సిరీన్.

“అప్‌డేట్ ఆపు, సిరీన్.”

ఆమె మొహంలో నవ్వు పోయింది. “వాడంటే నీకు పడదుగా. ఇప్పుడు వెనకేసుకొస్తావేం?”

“పడదు. అయినా వాడు ఇంత చెత్త రాయడు.”

ఆమె వేలు అప్‌డేట్ పంపే కీ మీద పడింది. తెరపై ఆకుపచ్చ గీత చివరికంటా పరుగెత్తింది. నౌఫల్ గడియారం మీట నొక్కాడు. వెంట్రుకవాసి దూరంలో గీత ఆగిపోయింది.

“సార్, మల్లెలు వచ్చాయి,” అన్నాడు ఫోన్లో. “ఎర్ర స్కార్ఫ్ కట్టుకుని.”

ఆ సాయంత్రానికల్లా గస్సాన్ దొంగ కోడ్ పీకేసి, అది దూరిన కన్నం పూడ్చాడు. రేవును కాపాడిన మేధావి అంటూ మర్నాడు పేపర్లో వాడి ఫొటో వేశారు. గూఢచారి ఫొటో వేయకూడదని రూలు.

నౌఫల్ ఆ ఫొటోని చాలాసేపు చూశాడు. దేశం క్షేమంగా ఉన్నందుకు సంతోషమే. కానీ వాడు ఫొటోలో కూడా అంత బాగుండాలా?